లహించ్, స్ట్రాండ్‌హిల్, రాస్‌నౌలా: ఐర్లాండ్ పడమటి తీరంలో మీకు ఏ బీచ్ సరిపోతుంది?

ఐర్లాండ్‌లో ఉండే మనవాళ్లు ఎండాకాలం వచ్చిందంటే ఒకసారైనా పడమటి తీరానికి బయల్దేరతారు. అట్లాంటిక్ అలలు చూడాలి, వీలైతే సర్ఫింగ్ క్లాసు ఒకటి తీసుకోవాలి, పిల్లల్ని ఇసుకలో ఆడించాలి. ఎక్కడికి వెళ్దామని అడిగితే ముందు వినపడే పేర్లు మూడు: క్లేర్ కౌంటీలో లహించ్, స్లైగో కౌంటీలో స్ట్రాండ్‌హిల్, డొనెగాల్ కౌంటీలో రాస్‌నౌలా. ఫోటోల్లో చూస్తే పెద్దగా తేడా కనపడదు. వెళ్తే మాత్రం ఒకదానితో ఒకటి పోలికే లేదు.

తొందరలో ఉన్నవాళ్లకు నా మాట ముందే చెప్పేస్తాను. చిన్నపిల్లలు గానీ ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు గానీ వెంట ఉంటే రాస్‌నౌలా. నలుగురిలో ఇద్దరికి సర్ఫింగ్ మీద మోజు ఉండి, మిగతా ఇద్దరికి ఊరు తిరగడం, కాఫీ తాగడం కావాలంటే లహించ్. కారు లేని స్టూడెంట్లకు స్ట్రాండ్‌హిల్, కాకపోతే అక్కడ ఈత కొట్టకూడదని ముందే ఒప్పుకుని బయల్దేరాలి. ఎక్కడికి వెళ్లినా మీలో నీళ్లంటే అందరికంటే ఎక్కువ భయపడేవాళ్లు ఎవరో చూసి, వాళ్లకు కుదిరే బీచ్‌నే ఎంచుకోండి. బాగా ఈతొచ్చిన మనిషిని లెక్కలో పెట్టుకుని బీచ్ ఎంచుకుంటే మిగతావాళ్లకు రోజంతా టెన్షనే.

ముందు ఆటుపోట్ల సంగతి

మనకు అలవాటైన సముద్రం బంగాళాఖాతం. విశాఖ దగ్గర పెద్ద పోటుకీ ఆటుకీ నీటిమట్టంలో తేడా సుమారు మీటరున్నర. అందుకే బీచ్‌కి ఏ టైముకి వెళ్లినా ఇసుక ఉంటుందనే అనుకుంటాం. ఐర్లాండ్ పడమటి తీరంలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ తేడా నాలుగు మీటర్లు దాటుతుంది. పొద్దున అర కిలోమీటరు దూరంలో ఉన్న నీళ్లు సాయంత్రానికి గోడను కొడుతుంటాయి. పోటుకీ ఆటుకీ మధ్య ఆరు గంటల చిల్లర, రోజురోజుకీ దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంటాయి. కాబట్టి "పోయిన శనివారం మధ్యాహ్నం వెళ్తే బ్రహ్మాండంగా ఉంది" అని ఎవరైనా చెబితే, ఈ శనివారం కూడా అలాగే ఉంటుందని నమ్మకండి.

ఇక్కడ మన తిథుల క్యాలెండర్ నిజంగానే పనికొస్తుంది. ఈ తీరంలో పౌర్ణమి, అమావాస్యల చుట్టుపక్కల రోజుల్లో ఆటు, అంటే నీళ్లు బాగా వెనక్కి వెళ్లే సమయం, సుమారుగా మిట్టమధ్యాహ్నం పడుతుంది. పోటు తెల్లవారుజామున ఒకసారి, సాయంత్రం ఆరు ప్రాంతంలో ఒకసారి. అష్టమి దగ్గర దీనికి తలకిందులు: మధ్యాహ్నానికి పోటు నిండుగా ఉంటుంది, కాకపోతే ఆ రోజుల్లో ఎత్తు తేడా తక్కువ. ట్రిప్ డేట్ అనుకునేటప్పుడే క్యాలెండర్ చూస్తే, నడి మధ్యాహ్నం బోలెడంత ఇసుక దొరికే వారాంతం ఏదో తెలిసిపోతుంది. ఖచ్చితమైన టైముకి ఆ ఊరి టైడ్ టేబుల్ ఎలాగూ చూసుకోవాల్సిందే. తిథి అంచనాకే తప్ప గడియారానికి బదులు కాదు.

రెండో తేడా అలలది. ఈ తీరానికి పడమర కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దాకా అడ్డంగా నేల లేదు. ఎక్కడో నడిసముద్రంలో లేచిన తుఫాను అలలు వేల కిలోమీటర్లు ప్రయాణం చేసి ఇక్కడ విరుగుతాయి. అందుకే ఆకాశం నిర్మలంగా ఉండి, చెట్టు ఆకు కదలని రోజున కూడా మనిషెత్తు అలలు రావచ్చు. వాతావరణం బాగుంది కదా అని సముద్రం కూడా బాగుంటుందనుకోకూడదు. సర్ఫ్ ఫోర్‌కాస్ట్ చూసేటప్పుడు ఎత్తుతో పాటు పీరియడ్ అనే అంకె కూడా చూడండి: ఒక అలకీ తర్వాతి అలకీ మధ్య ఎన్ని సెకన్లు అని. ఏడు సెకన్ల మీటరు అలకీ, పద్నాలుగు సెకన్ల మీటరు అలకీ చాలా తేడా ఉంది. రెండోది ఎంతో బలంగా నెడుతుంది. గాలి తూర్పు నుంచి, అంటే నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తే అలలు నున్నగా, వరుసగా వస్తాయి. పడమటి గాలైతే అంతా నురగ, గందరగోళం.

లహించ్

మూడింటిలో ఊరంటే ఇదే. బీచ్‌ని ఆనుకుని ప్రొమెనేడ్ (తీరం వెంబడి నడక బాట), దాని వెనకే సర్ఫ్ స్కూళ్లు, తినడానికి చోట్లు, బట్టలు మార్చుకోవడానికి గదులు, అన్నీ నడిచే దూరంలో. లిస్కానర్ అఖాతం లోపల ఉండటం వల్ల నడిసముద్రపు దెబ్బ కొంచెం తగ్గి వస్తుంది. ఇసుక మీద విరిగే అలలు నేర్చుకునేవాళ్లకు బాగుంటాయి. పక్కనున్న రాళ్ల మీద విరిగేవి ఆరితేరినవాళ్ల కోసం. క్లిఫ్స్ ఆఫ్ మోహర్ కారులో పావుగంట. ఎత్తైన చోట 214 మీటర్లు ఉండే ఆ కొండచరియలు చూడటానికి వచ్చి, దారిలో లహించ్‌లో ఆగేవాళ్లే మనవాళ్లలో ఎక్కువ.

సరిగ్గా అక్కడే పొరపాటు జరుగుతుంది. పొద్దున క్లిఫ్స్ చూసుకుని, తీరిగ్గా భోంచేసి, సాయంత్రం బీచ్‌కి వస్తారు. అది పౌర్ణమి వారాంతమైతే అప్పటికి లహించ్‌లో బీచ్ ఉండదు! పోటు నిండితే ఇక్కడ ఇసుక పూర్తిగా మునిగిపోతుంది. నీళ్లు ప్రొమెనేడ్ కింద పేర్చిన బండరాళ్లను తాకుతాయి, అల వెనక్కి తిరిగి వచ్చే అలతో ఢీకొని పైకి లేస్తుంది. 2014 జనవరి తుఫాన్లలో ఈ ప్రొమెనేడ్ ఎంత దెబ్బతిన్నదో ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. అప్పుడు చేయగలిగేది పైనుంచి చూడటమే.

ఇసుక మీద కూర్చున్నవాళ్లకు కూడా ఇదే హెచ్చరిక. పోటు మొదలైన మొదటి గంటలో పెద్దగా తెలియదు. మూడో, నాలుగో గంటల్లో ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. దుప్పటి పరుచుకుని, చెప్పులు ఒక పక్కన విడిచి, పులిహోర డబ్బా తెరిచేలోపు అల అంచు వచ్చి చెప్పుల్ని ఎత్తుకుపోతుంది. మెట్లకు దగ్గరలో కూర్చోవాలి. పోటు ఎన్నింటికో తెలుసుకుని, దానికి రెండు గంటల ముందే సర్దేసుకుంటే హాయి.

అందుకే లహించ్‌కి వెళ్లేవాళ్లు ముందు టైడ్ చూడండి, ఆ తర్వాతే క్లిఫ్స్ టికెట్ టైము పెట్టుకోండి. సర్ఫ్ స్కూళ్లు క్లాసుల టైమింగ్‌లను ఎలాగూ ఆటుపోట్లను బట్టే వేస్తాయి, కాబట్టి ముందు క్లాసు బుక్ చేసుకుని, మిగతా రోజును దాని చుట్టూ సర్దుకోవడం తేలిక. రెండు గంటల గ్రూప్ క్లాసుకి పెద్దలకు 40 యూరోల దగ్గర్లో తీసుకుంటారు. బోర్డు, వెట్‌సూట్ (చన్నీళ్లలో వేసుకునే రబ్బరు సూటు) అందులోనే. బీచ్ ఉత్తరపు చివర గోల్ఫ్ మైదానం అవతల ఇనా నది సముద్రంలో కలుస్తుంది. నదీముఖం దగ్గర ప్రవాహం బలంగా ఉంటుంది, పిల్లల్ని అటు వెళ్లనివ్వకండి. అన్నట్టు ఆ గోల్ఫ్ మైదానంలో మేకలు ఉంటాయి. అవి క్లబ్ భవనం దగ్గరికి చేరితే వాన వస్తుందని అక్కడివాళ్ల లెక్క.

డబ్లిన్ నుంచి కారులో మూడు గంటల పైనే. కారు లేకపోతే గాల్వే దాకా కోచ్‌లో వచ్చి, అక్కడి నుంచి డూలిన్, క్లిఫ్స్ మీదుగా వెళ్లే 350 నంబర్ బస్సు పట్టుకోవచ్చు. అదే బస్సు ఎన్నిస్ నుంచి కూడా ఉంది. ఒక్కరోజులో వెళ్లి రావడం అలసట, ఒక రాత్రి ఉండటమే మేలు. వారాంతాల్లో గదుల రేట్లు మండిపోతాయి, ఎన్నిస్‌లో కాస్త నయం.

స్ట్రాండ్‌హిల్

ఈ బీచ్ అంటే నాకు చాలా ఇష్టం. అయినా మొదటిసారి సముద్రానికి వెళ్లే కుటుంబానికి మాత్రం దీని పేరు చెప్పను. ఇక్కడ నీటి అడుగున ప్రవాహాలు బలమైనవి, ఈత ప్రమాదకరమని బోర్డులు పెట్టి ఉంటాయి. "మోకాళ్ల దాకా దిగితే ఏమవుతుందిలే" అనిపిస్తుంది. అల విరిగి వెనక్కి వెళ్లేటప్పుడు కాళ్ల కింద ఇసుకను లాక్కుపోతుంది, మోకాళ్ల లోతు క్షణంలో నడుము లోతవుతుంది. సర్ఫర్లు దిగుతున్నారు కదా అని మనం దిగడం తప్పు. వాళ్లకు ఒంటిమీద తేలే సూటు, కాలికి కట్టిన బోర్డు, ఆ నీటితో పరిచయం ఉన్నాయి. నేర్చుకోవాలనుంటే స్కూలు ద్వారా, ఇన్‌స్ట్రక్టర్ పక్కన ఉండగానే దిగాలి.

ఇది తెలుసుకుని వెళ్తే మాత్రం కారు లేనివాళ్లకు ఇంతకు మించిన చోటు దొరకదు. డబ్లిన్ కానలీ స్టేషన్‌లో రైలెక్కితే మూడు గంటల్లో స్లైగో. అక్కడి నుంచి లోకల్ బస్సులో స్ట్రాండ్‌హిల్. తీరం వెంబడి ఇసుక దిబ్బల మీద నడవచ్చు. వెనకాలే నాక్‌నరే కొండ ఉంది, ఎత్తు 327 మీటర్లు. మెట్లూ చెక్కబాటా వేసిన దారి ఊరి వైపు నుంచే ఉంది. కొండ కొసన ఐరిష్ పురాణగాథల్లోని రాణి మేవ్ సమాధిగా చెప్పుకునే పెద్ద రాళ్ల కుప్ప, ఐదు వేల ఏళ్ల నాటిది. దాని మీదికి ఎక్కకూడదు. రాళ్లు జారి దెబ్బతింటుంది. పైనుంచి ఒకవైపు అట్లాంటిక్, ఇంకోవైపు స్లైగో ఊరు కనపడతాయి. దిగివచ్చాక సీవీడ్ బాత్ ఉంది: వేడి సముద్రపు నీళ్లు నింపిన తొట్టెలో నాచు వేసి ఇస్తారు. చలిగాలిలో తిరిగి వచ్చిన ఒంటికి అదో వరం, కాకపోతే శని, ఆదివారాలకు ముందే బుక్ చేసుకోవాలి.

వాన పడినా రోజు వృథా కాని బీచ్ ఇది. ఐర్లాండ్‌లో ఆ గుణానికి విలువ ఎక్కువ.

రాస్‌నౌలా

కిలోమీటర్ల పొడవునా చదునైన గట్టి ఇసుక, మెల్లగా లోతు పెరిగే నీళ్లు. అల దూరంగా విరిగి, నురగలా పరుచుకుంటూ, పిల్లల కాళ్ల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. సర్ఫ్ నేర్చుకునేవాళ్లకు ఆ నురగ అలలే కావాలి: మొదటి రోజు లేచి నిలబడేది వాటి మీదే. ఐర్లాండ్ సర్ఫింగ్‌లో ఈ బీచ్‌ది పెద్ద స్థానం. ఇక్కడి శాండ్ హౌస్ హోటల్ నడిపిన మేరీ బ్రిటన్ 1960ల్లో కాలిఫోర్నియా నుంచి బోర్డులు తెప్పించారు. అవి ఆమె కొడుకుల చేతికి వెళ్లాయి, ఆ కుటుంబం మొత్తం సర్ఫర్లయ్యారు. మనవరాలు ఈస్కీ బ్రిటన్ ఇప్పుడు ప్రపంచానికి తెలిసిన సర్ఫర్.

పెద్దవాళ్లకు ఇక్కడ సుఖం ఏమిటంటే, కారును ఇసుక మీదికే తీసుకెళ్లవచ్చు. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కారులో కూర్చునే అలలు చూడవచ్చు, చలేస్తే అద్దం ఎత్తుకోవచ్చు. కానీ ఆ సుఖంతోనే చిక్కు. పోటు వస్తుంటే తడిసిన ఇసుక మెత్తబడి చక్రాలు దిగబడతాయి, యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఇంకా లోపలికి పోతాయి. ట్రాక్టర్ వచ్చేలోపు నీళ్లు రావచ్చు. పోటు ఎక్కుతున్న టైములో కారును కింద ఉంచకండి. నీటి అంచుకు దగ్గరగా, ఎవరూ ఆపని చోట అసలే ఆపకండి. పిల్లలకూ ఒకటికి రెండుసార్లు చెప్పండి: ఆ బీచ్ మీద కార్లు తిరుగుతాయి, బంతి వెనక గుడ్డిగా పరిగెత్తకూడదు.

ఇప్పుడు మనవాళ్లు తప్పనిసరిగా తెలుసుకోవాల్సిన విషయం. డబ్లిన్ నుంచి రాస్‌నౌలాకి ఫోన్ మ్యాప్ చూపించే దగ్గరి దారి కావన్, ఎనిస్కిలెన్ మీదుగా వెళ్తుంది. ఎనిస్కిలెన్ ఉత్తర ఐర్లాండ్‌లో ఉంది, అంటే అది యూకే. రోడ్డు మీద గేటు ఉండదు, ఆపేవాళ్లు కనపడరు, మైళ్లలో స్పీడ్ బోర్డులు వచ్చాక గానీ దేశం మారిన సంగతి తెలియదు. ఐరిష్ రెసిడెన్స్ పర్మిట్ మాత్రమే ఉన్న భారతీయ పాస్‌పోర్టుకు అక్కడ అడుగుపెట్టాలంటే యూకే వీసా కావాలి. చూడటానికి వచ్చిన తల్లిదండ్రుల వీసా మీద బ్రిటిష్–ఐరిష్ వీసా పథకం ముద్ర ఉంటే వాళ్లకు పర్లేదు. విచిత్రంగా కారు నడిపే కొడుక్కే ఇబ్బంది. కాబట్టి ఎన్4 రోడ్డులో స్లైగో, అక్కడి నుంచి ఎన్15లో బండోరన్, బాలీషానన్ మీదుగా వెళ్లండి. ఓ పావుగంటో అరగంటో ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. మధ్యలో మ్యాప్ దారి మార్చేస్తుంటే స్లైగోను స్టాప్‌గా పెట్టుకుంటే సరిపోతుంది.

ఇక్కడ ఊరంటూ పెద్దగా లేదు. హోటల్, ఒకటి రెండు తినే చోట్లు, సర్ఫ్ స్కూలు, అంతే. భోజనం ఇంటినుంచే కట్టుకెళ్లండి. బస్సు మీద ఆధారపడి వెళ్లే చోటు కాదిది. జులై 12కి ముందు వచ్చే శనివారం ఇక్కడ ఆరెంజ్ ఆర్డర్ అనే ప్రొటెస్టంట్ సంఘం ఊరేగింపు జరుగుతుంది, ఆ రోజు రోడ్లు కిక్కిరిసిపోతాయి. అది చూడాలనుకుంటే తప్ప వేరే వారాంతం పెట్టుకోండి.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. కెర్రీలో ఇంచ్ బీచ్ రాస్‌నౌలాకి అచ్చం చెల్లెలు, లిమరిక్, కార్క్ వైపు ఉండేవాళ్లకు అదే దగ్గర. బండోరన్ పక్కన టల్లన్ అందంగా ఉంటుంది గానీ ఈతకు మంచిది కాదు. వాటర్‌ఫర్డ్‌లో ట్రమోర్ డబ్లిన్‌కి దగ్గర, దక్షిణ ముఖం కాబట్టి పడమటి తీరపు జోరు ఉండదు. ఒక్కరోజు ట్రిప్‌కి అదే నయం.

ఏ నెలలో, ఏం వేసుకుని

ఇక్కడి నీళ్లు ఆగస్టులో కూడా 16 డిగ్రీల దగ్గరే, మార్చిలో తొమ్మిదో పదో. ఎండ కాస్తుంది గానీ గాలి ఆగదు. పెద్దవాళ్లకు టోపీ, చెవులు కప్పే స్కార్ఫ్, గాలి చొరబడని జాకెట్ జులైలో కూడా కావాలి. గొడుగు వద్దు, మొదటి గాలికే తిరగబడుతుంది. గాలికి అడ్డుగా పాతే గుడ్డ తడిక తీసుకెళ్లండి. కుటుంబాలకు జూన్ నుంచి ఆగస్టు, నేర్చుకునేవాళ్లకు సెప్టెంబర్ మొదటి సగం. అప్పటికి నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, స్కూళ్లు తెరిచాక జనం తగ్గుతారు. లైఫ్‌గార్డులు ఉండే రోజులు, గంటలు బీచ్ దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి. అది చదవకుండా నీళ్లలోకి దిగొద్దు.

చీర, చుడీదార్, జీన్స్‌తో నడుము లోతుకు వెళ్లడం మన దగ్గర మామూలే. ఇక్కడ తడిసిన బట్ట బరువుకి చలి తోడై చేతులు, కాళ్లు త్వరగా మొద్దుబారిపోతాయి. దిగాలంటే వెట్‌సూట్ అద్దెకు తీసుకోండి. వేసుకునేటప్పుడు పాదానికి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుంటే కాలు సులువుగా జారుతుంది. జిప్ వీపు వైపు రావాలి, దానికి ఉన్న పొడవాటి తాడు పట్టుకుని మీరే పైకి లాగుకోవచ్చు. ఒంటికి అతుక్కున్నట్టు బిగువుగా ఉంటేనే అది సరైన సైజు. వదులుగా ఉంటే లోపలికి చన్నీళ్లు వస్తూనే ఉంటాయి. పాదాలకు బూట్లు కూడా అడగండి. ఆటు సమయంలో ఇసుకలో వీవర్ అనే చిన్న ముళ్ల చేప దాక్కుని ఉంటుంది. తొక్కితే నొప్పి ప్రాణం తీస్తున్నట్టుంటుంది గానీ, ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో పాదం పెట్టి ఉంచితే తగ్గుతుంది.

నీళ్లలోకి దిగేముందు

ఎరుపు, పసుపు జెండాల మధ్య లైఫ్‌గార్డు కన్ను ఉంటుంది, ఈత అక్కడే. నలుపు, తెలుపు గళ్ల జెండా ఉన్న చోటు సర్ఫ్ బోర్డులది, ఈతగాళ్లది కాదు. ఎర్ర జెండా ఎగిరితే ఎవరూ దిగకూడదు.

ఒడ్డున నిలబడి ఐదు నిమిషాలు అలల్ని చూడండి. తెల్లటి నురగ వరుసల మధ్య ఒకచోట అల విరగకుండా, నీళ్లు నల్లగా, ప్రశాంతంగా కనపడతాయి. పిల్లల్ని ఆడించడానికి అదే మంచి చోటని తల్లిదండ్రులకు అనిపిస్తుంది. అదే రిప్ కరెంట్. ఒడ్డుకు వచ్చిన నీళ్లన్నీ వెనక్కి పోయే దారి అది, మనిషిని కూడా అదే వేగంతో లోపలికి తీసుకుపోతుంది. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఈదకండి. ఎంత బాగా ఈదినా అలసిపోవడమే. వెల్లకిలా తేలి, ఊపిరి నిలదొక్కుకుని, చెయ్యెత్తి పిలవండి. ఈత బాగా వస్తే ఒడ్డుకు సమాంతరంగా కొంత దూరం వెళ్లి, అలలు విరిగే చోటి నుంచి బయటికి రండి.

ఒడ్డున ఉన్నవాళ్లు వెంటనే నీళ్లలోకి దూకకూడదు. ఒకరి కోసం దిగి ఇద్దరు ముగ్గురు చిక్కుకోవడం ఇలాగే జరుగుతుంది. లైఫ్‌గార్డుని పిలవండి. వాళ్లు లేని టైమైతే 112కి గానీ 999కి గానీ ఫోన్ చేసి కోస్ట్ గార్డ్ కావాలని అడగండి, బీచ్ పేరు చెప్పండి. బీచ్ దగ్గర స్తంభానికి తగిలించిన లైఫ్‌బాయ్, అంటే నీళ్లలో తేలే రింగు, తాడుతో సహా ఉంటుంది. తాడు కొసను ఒకరు గట్టిగా పట్టుకుని, రింగును మనిషికి అవతలగా పడేలా విసిరి, మెల్లగా వాళ్ల చేతికి అందేలా లాగాలి. అందుకే బీచ్‌లో దుప్పటి పరిచేముందు అది ఎక్కడ ఉందో ఒకసారి చూసుకుని, వెంట వచ్చిన వాళ్లందరికీ చూపించండి.